అశ్వలక్షణము నుండి వాహనలక్షణము వరకు

కాకతీయ రుద్రమదేవి భర్తయైన చాళుక్య వీరభద్రుడు నిడదవోలు ప్రభువంశమువాడు. ఆనాడు నిడదవోలులో వేగముగా పోవు వాహనమనగా గుర్రమే. మేలుజాతి గుర్రములు అరేబియా, పారసీక దేశముల నుండి ఓడలమీద దక్షిణదేశపు రేవులకు వచ్చుచుండెడివి. వెల చాల ఎక్కువ. వేడికి, మేత మార్పునకు తాళలేక చచ్చునవి కూడ ఎక్కువే. కొనువాడు మోసపోకుండుటకు అశ్వశాస్త్రమను విద్య ఒకటి పెరిగినది. మనుమంచి భట్టు అను కవి ఈ విషయమును తెలుగులోనే గ్రంథముగా వ్రాసెను.

ఈ విద్యలో రెండు పాయలు కలిసియుండెను. గుర్రపు ఒంటిమీది సుళ్లు ఎక్కడెక్కడ ఉన్నవో చూచి యజమానికి కలుగు శుభాశుభములు చెప్పుట ఒకటి. నోరు తెరచి పండ్లు చూచుట మరొకటి. మొదటిది నమ్మకము. రెండవది పరిశీలన. గుర్రమునకు రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏండ్ల వయస్సులలో ముందరి పాలపండ్లు జతజతగా ఊడి కొత్తవి వచ్చును. ఆపైన పంటిమీది గుంట అరుగుచు పోవును. అమ్మువాడు ఏమి చెప్పినను పన్ను మాత్రము అబద్ధమాడదు. సంతలో ఎడ్ల పండ్లు లెక్కించు మన రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

పాత మోటారుకారు కొనువారికి కూడ ఈ రెండు పాయలే ఎదురగును. నిగనిగలాడు రంగు, మెరయు బంపరు సుళ్ల వంటివి. పండ్లు మరొకచోట ఉన్నవి. ఇందుకు మన ప్రాంతమున తిరిగిన బండినే ఉదాహరణగా తీసికొనవచ్చును.

1961లో మద్రాసు సమీపమున వండలూరులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు స్టాండర్డ్ హెరాల్డ్ అను చిన్న కారును విడుదల చేసిరి. దీని మాతృక 1959లో ఇంగ్లండులోని కావెంట్రీలో పుట్టిన ట్రయంఫ్ హెరాల్డ్. రూపశిల్పి ఇటలీవాడైన మికెలోట్టి. ఇంజను 948 ఘన సెంటీమీటర్లది. అప్పటికి చాల కంపెనీలు ఛాసీని వదలి, ఒళ్లంతయు ఒకే పెట్టెగా కార్లు కట్టుచుండెను. హెరాల్డునకు మాత్రము వేరుగా ఉక్కు ఛాసీ ఉన్నది. ఇది పాతకాలపు మొండితనము కాదు. ఈ కంపెనీకి పైభాగములు చేసి ఇచ్చుచుండిన ఫిషర్ అండ్ లడ్లో సంస్థను 1953లో పోటీదారు కొనివేసెను. పెద్ద పెట్టె చేయించుకొను దారి మూసికొనిపోగా, చిన్నచిన్న రేకు భాగములను పలుచోట్ల చేయించి, ఛాసీమీద బోల్టులతో బిగించిరి. వ్యాపారములోని చిక్కు యంత్రరూపమును నిర్ణయించెనన్నమాట.

ఆ ఛాసీనే కురచచేసి 1962లో ట్రయంఫ్ వారు స్పిట్‌ఫైర్ అను ఇద్దరు కూర్చుండు క్రీడాకారును చేసిరి. హెరాల్డు ఛాసీకి ఇరువైపుల చేతులవలె చాచిన కమ్ములు, అంచు పట్టాలు కలవు. స్పిట్‌ఫైరునకు అంచు పట్టాలు లేవు. తలుపుల క్రింది బోలు గడపలే ఆ బరువు మోయవలెను. అందుచేత గడప కుళ్లినచో కారే నడుమ వంగును. పరీక్షించువాడు తలుపుచుట్టు సందు పైనను క్రిందను సమానముగా ఉన్నదా యని మొదట చూచుట ఇందుకే.

గోదావరి డెల్టాలో ఈ పరీక్షకు మరింత ప్రాధాన్యము కలదు. ఇనుము తుప్పుపట్టుటకు ప్రాణవాయువు, నీరు రెండును కావలెను. కాలువగట్ల గాలిలో తేమకు కొరత లేదు. నరసాపురమువైపు సముద్రము దగ్గరపడినకొలది ఉప్పు కూడ చేరును. ఉప్పు కలిసిన నీరు విద్యుత్తును బాగుగా ప్రసరింపజేయుటచే, తుప్పునకు కారణమగు విద్యుద్రసాయన చర్య వేగిరపడును. పుట్టిన తుప్పు, తాను తిన్న ఇనుముకంటె రెండింతలకు పైగా చోటు ఆక్రమించును. రంగు బుడగలుగా లేచుట దాని ఫలితమే. బుడగ కనబడునప్పటికి రేకు లోపలివైపున చాల భాగము పోయియుండును.

అమ్మువారు ఆ రంధ్రములను లప్పముతో పూడ్చి పైన రంగు కొట్టుట కలదు. దీనిని పట్టుటకు గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతము చాలును. ఇనుప రేకుమీద అంటును, లప్పముమీద జారిపోవును. బడిలో చేసిన ప్రయోగమే ఇది!

మైళ్ల లెక్కను నమ్మరాదు. ఆనాటి మీటర్లలో చాలవాటికి అయిదంకెలే. లక్ష దాటగనే మరల సున్న. బ్రేకు పెడలుమీది రబ్బరు అరుగుదలను చూచుట మేలు. ఇదే కారు పన్ను. ఇంజనులో మరొక పన్ను కలదు. ఒకరు క్లచ్చి నొక్కి వదలుచుండగా మరొకరు ఇంజను ముందరి పుల్లీని గమనింపవలెను. అది కంటికి కనబడునంతగా ముందునకు జరిగినచో, క్రాంకుషాఫ్టును నిలిపియుంచు అర్ధచంద్రాకారపు వాషర్లు అరిగినవని అర్థము. అవి జారిపడినచో ఇంజను దిమ్మకే చేటు. హెరాల్డు బానెట్టు రెక్కలతోసహా ముందునకు లేచును గనుక ఈ పరిశీలన సులభము.

ప్రాణాపాయము ఉన్న భాగము వేరొకటి. ముందు చక్రమును మోయు నిలువు కడ్డీ క్రింది కొన, ట్రనియన్ అను కంచులోహపు దిమ్మలో మరచుట్లతో తిరుగును. అందులో పోయవలసినది గేరు నూనె. చాలమంది గ్రీజు కూరుదురు. గట్టిపడిన గ్రీజు చుట్లమధ్యకు పోదు. నీరు మాత్రము పోవును. తుప్పుతిన్న కడ్డీ ఒకనాడు మలుపులో విరుగును, చక్రము పక్కకు ఒరగును. జాకీమీద లేపి చక్రమును పైనను క్రిందను పట్టి ఊపినచో వదులు తెలియును. పగులు మాత్రము విప్పి చూచిననే గాని తెలియదు.

వెనుక చక్రములను గూర్చి ఒక మాట. వాటి ఇరుసు రెండు ముక్కలుగా ఊగును. అడ్డపట్టీ స్ప్రింగు కుంగినచో చక్రముల పైభాగములు లోనికి వాలి, టైర్లు లోపలి అంచున అరుగును. ఈ ఊగుడు ఇరుసు మన మెకానిక్కులకు అంతగా నచ్చలేదు. 1972లో గెజెల్ అను పేర వచ్చిన రూపములో దీనిని తీసివేసిరి.

కాగితములు చూడక బేరము ముగించరాదు. 2021లో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటి, మూలరూపము చెడని వాహనములను వింటేజి వాహనములుగా నమోదు చేయించుకొనవచ్చును. ఛాసీనో, పైభాగమునో, ఇంజనునో గణనీయముగా మార్చియుండరాదు. కావున కారుమీది ఛాసీ సంఖ్యను, ఇంజను సంఖ్యను పుస్తకములోని అంకెలతో ఒక్కొక్కటిగా సరిచూడవలెను. సంఖ్య చెక్కిన రేకు చుట్టు కొత్త వెల్డింగు గుర్తులున్నచో, బయానా ఇవ్వకముందే రవాణాశాఖ కార్యాలయమునకు పోయి విచారించుట మంచిది.