రివాల్వరు కొనబోయిన ముగ్గురు

1900 సంవత్సర ప్రాంతమున ముగ్గురు మనుష్యులు రివాల్వరు కొనుటకు బయలుదేరిరని అనుకొందము. ఒకడు లండను నగరవాసి. రెండవవాడు అమెరికాలో ఒకానొక పల్లెటూరి రైతు. మూడవవాడు మన బెజవాడ వర్తకుడు. మువ్వురును మర్యాదస్థులే. మువ్వురికిని ఉన్నది దొంగల భయమే.

లండనువాడు దుకాణమునకు పోయి, నచ్చినదానిని ఎంచుకొని, సొమ్ము చెల్లించి, కోటు జేబులో వేసికొని యింటికి చేరెను. ఇల్లు దాటి దానిని వెంట తీసికొనిపోవలెనన్న తపాలా కచేరిలో పది షిల్లింగులు కట్టి లైసెన్సు పొందవలెను. 1870 నాటి చట్టము కోరినది అంతమాత్రమే. అది ఖజానాకు రాబడి తెచ్చు చట్టమే గాని, కొనువాడు మంచివాడా చెడ్డవాడా యని విచారించు చట్టము కాదు. షెర్లాక్ హోమ్స్ కథలు చదివినవారు, డాక్టరు వాట్సన్ ఎవరి అనుమతియు వేడకుండ రివాల్వరు జేబులో వేసికొని బయలుదేరుట గమనించియుందురు. అది కథకుని కల్పన కాదు, ఆనాటి లోకరీతియే. అమెరికా రైతు ఊరు కదలనైనను అక్కరలేదు. కంపెనీవారి క్యాటలాగు తిరుగవేసి, ఉత్తరము వ్రాసి, పైకము పంపిన, సరకు పార్సెలులో వచ్చును.

మన బెజవాడ వర్తకుడు మాత్రము జిల్లా మేజిస్ట్రేటైన కలెక్టరుగారికి అర్జీ పెట్టుకొనవలెను. ఇచ్చుటయు మానుటయు దొరవారి చిత్తము. లైసెన్సు లేక ఆయుధము దగ్గర నుంచుకొన్న మూడేండ్ల వరకు ఖైదు. అదే వీథిలో కాపురమున్న తెల్లదొరకు ఈ అర్జీతో పనియే లేదు.

రివాల్వరు పుట్టి అప్పటికి డెబ్బది యేండ్లయినను కాలేదు. అంతకు ముందటి పిస్తోలు ఒక మారు పేలినచో మరల మందు కూరి, గుండు దిగగొట్టవలసినదే. అమెరికా దేశస్థుడైన సామ్యూల్ కోల్ట్ తిరుగుడు గుండ్ల పెట్టెను అమర్చి 1836లో తన దేశమున పేటెంటు పొందెను. ఒక్క మనుష్యుడు అయిదారు మారులు ఎడతెరపి లేక కాల్చగలిగెను. 1851 నాటి లండను మహాప్రదర్శనమున కోల్ట్ తన సరకును ఆంగ్లేయులకు చూపెను. ఆరేండ్లు తిరుగకుండనే మన దేశమున 1857 తిరుగుబాటు లేచెను.

ఆ తిరుగుబాటు చల్లారిన పిమ్మట దొరతనమువారు మొదట 1860లో ఒక ఆయుధ చట్టము చేసిరి. అసలు పట్టు బిగించినది 1878లో. అప్పటి వైస్రాయి లిట్టన్ ప్రభువు. ఒకే మార్చి నెలలో దేశభాషా పత్రికల నోరు కట్టు చట్టమొకటి, ప్రజల చేతులు కట్టు చట్టమొకటి వెలువడెను. పత్రికల చట్టమును తరువాతి వైస్రాయి రిప్పన్ ప్రభువు కాలమున రద్దు చేసిరి. ఆయుధ చట్టమును ముట్టువారు లేరైరి.

ఆ చట్టమును తలచినప్పుడెల్ల మనవారికి గుండెలో మండినది లైసెన్సు అను మాటకు కాదు. దాని క్రింది నిబంధనలలో ఐరోపావారికిని, ఆంగ్లో ఇండియనులకును, అమెరికనులకును దొరకిన మినహాయింపునకు. అడవి పంది పైరును దున్నివేయుచుండ రైతు చేతిలో కఱ్ఱ తప్ప మరేమియు లేదు. వేటకు వచ్చిన దొరబిడ్డకు తుపాకి. 1887లో మద్రాసున కూడిన మూడవ కాంగ్రెసు మహాసభలో ఈ విషయమే చర్చకు వచ్చెను. యువకుడైన బిపిన్ చంద్రపాల్ ఆ చట్టమును తీసివేయవలెనని ఘాటుగా ప్రసంగించెను. 1918లో సైన్యములో చేరుడని ఖేడా జిల్లా రైతులను కోరుచు గాంధీజీ వెలువరించిన కరపత్రమున, జాతినంతను నిరాయుధులను చేసిన ఈ చట్టము ఆంగ్లేయుల దుష్కృత్యములలోకెల్ల నల్లనిదని వ్రాసెను. అహింసావ్రతుని కలమునుండి వెడలిన మాటయని నేటివారికి వింత తోచవచ్చును. ఆయన బాధ తుపాకి లేదని కాదు, అడుగు హక్కైనను లేదని.

1920 నాటి నిబంధనలలో జాతిభేదమును తొలగించిరి. అర్జీ మాత్రము నిలిచెను. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై పడి ఆయుధములు తీసికొనెను. కొనుటకు వీలులేని దేశమున ఆయుధములు దొరకు చోటు పోలీసు స్టేషనే గదా! తీసికొన్నవాని పట్టికను స్టేషను పుస్తకములో వ్రాసి సంతకము చేసెనని ప్రసిద్ధి. కలెక్టరు ఈయని లైసెన్సును తానే వ్రాసికొన్నట్లయినది.

1931లో కరాచి కాంగ్రెసు పౌరుల ప్రాథమిక హక్కుల తీర్మానమున, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కును గూడ చేర్చెను. స్వరాజ్యము వచ్చిన వెంటనే ఆ మాట చెల్లునని పలువురు తలచిరి. కాని 1948 జనవరి 30న గాంధీజీ గుండెలోనికి దూసికొనిపోయిన గుండ్లు లైసెన్సు లేని ఇటలీ దేశపు బెరెట్టా పిస్తోలువి. ఆ యేడే డిసెంబరు మొదటి దినములలో రాజ్యాంగ సభయందు హెచ్.వి. కామత్ లేచి, కరాచి మాటను రాజ్యాంగమున చేర్చవలెనని సవరణ ప్రతిపాదించెను. అంబేద్కర్ అందుకు సమ్మతింపలేదు. పరాయి ప్రభుత్వము జాతిని నిరాయుధను చేసిన నాటి కోరిక వేరు, నేటి స్థితి వేరు; హక్కని వ్రాసినచో నేరగాండ్రు సైతము దానిని చూపి ఆయుధమడుగుదురు; ఇది ఆయన వాదసారము. సవరణ వీగిపోయెను. కామత్ అడిగినదానిలో న్యాయము లేకపోలేదు. ఆ యేటి నెత్తురు ఆరకమునుపే అడిగినాడు. మా మటుకు అంబేద్కర్ పక్షమే సరియని తోచును.

లిట్టన్ చట్టము పోయి 1959లో క్రొత్త చట్టము వచ్చెను. 1962 అక్టోబరు 1నుండి అమలయ్యెను. లైసెన్సు నిరాకరించు అధికారి కారణము వ్రాసియుంచవలెనని, నిరాకరింపబడినవాడు పై అధికారికి అప్పీలు చేసికొనవచ్చునని అందున్నది. అర్జీ అర్జీయే, అర్జీదారు ప్రజ కాడు, పౌరుడు. నేడు ఇరువదియొక యేండ్లు నిండినవాడు కారణము చూపి, పోలీసు విచారణకు లోబడి, శిక్షణ పొంది యడుగవలెను. ఒకనికి మూడు ఆయుధములవరకు ఉండుటను 2019లో రెంటికి తగ్గించిరి.

మరి తక్కిన ఇరువురి సంగతి? లండనువాని స్వేచ్ఛ ఎంతో కాలము నిలువలేదు. 1903లో పిస్తోళ్లకు చట్టము వచ్చినను అది పేరునకే. 1909 జనవరిలో టాటెన్‌హామ్‌లో దోపిడిగాండ్రను తరుముచున్న పోలీసులు దారినపోవువారి పిస్తోళ్లను ఎరువు తీసికొనిరట! మొదటి మహాసంగ్రామము ముగిసిన పిదప, రష్యా విప్లవము చూచి బెదరిన ప్రభుత్వము 1920లో పోలీసు అధికారి సర్టిఫికేటు లేనిదే రివాల్వరు కూడదనెను. మన దేశమున తాము నాటిన విత్తు తమ పెరటిలోనే మొలచినది. 1996 మార్చిలో స్కాట్లండులోని డన్‌బ్లేన్ బడిలో ఒక దుండగుడు పదునారుగురు పసివాండ్రను, వారి ఉపాధ్యాయినిని కాల్చి చంపినమీదట, 1997లో చేతి తుపాకులను దాదాపుగా నిషేధించిరి. ఉత్తర ఐర్లండునకు మాత్రము ఆ నిషేధము వర్తింపదు.

అమెరికా రైతు హక్కు 1791 నాటి రెండవ రాజ్యాంగ సవరణపై నిలిచియున్నది. క్యాటలాగు బేరము మాత్రము పోయినది. 1963లో అధ్యక్షుడు కెన్నెడీని చంపిన రైఫిలు టపా మూలముగా, మారుపేరున తెప్పించినది. 1968 నాటి చట్టము అట్టి అంతర్రాష్ట్ర టపా బేరమును మాన్పించెను. నేడచ్చట లైసెన్సుగల వర్తకునియొద్ద కొనువాడు ఒక ఫారము నింపవలెను. అతని నేరచరిత్రను అప్పటికప్పుడు విచారింతురు. చాలచోట్ల ఆ విచారణ నిముషములలో ముగియును.

మన మూడవవాడు బెజవాడవాడు గాక కొడగు దేశపు కొడవుడైయుండిన ఆ నాడుకూడ అర్జీ లేకయే ఆయుధము నుంచుకొనియుండెడివాడు. 1861లో దొరతనమువారు కొడవులకు ఆయుధ చట్టమునుండి మినహాయింపు నిచ్చిరి. స్వతంత్ర భారత ప్రభుత్వము దానిని తీసివేయలేదు. 2019లో మరి పదేండ్లు పొడిగించి 2029 వరకు నిలిపెను. వారు నేటికిని ఏటేట కైల్‌పోళ్దు పండుగనాడు తుపాకిని కడిగి, పూవులు పెట్టి పూజింతురు.