ఇంటి స్విచ్చి: ఒక సాంకేతిక అలవాటు చరిత్ర

చాంద్రాయణగుట్టకు సమీపంలోని కొండపై ఫలక్‌నుమా ప్యాలెస్ నిర్మాణం 1884లో ప్రారంభమైంది. అదే సంవత్సరం ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జాన్ హెన్రీ హోమ్స్ అనే ఇంజనీరు, విద్యుత్ ప్రవాహాన్ని స్ప్రింగు సాయంతో తటాలున తెంచే స్విచ్చిని రూపొందించాడు. అంతకుముందు స్విచ్చిలు మెల్లగా విడిపోవడం వల్ల నిప్పురవ్వలు లేచి లోహపు కొనలు కాలిపోయేవి. నేటి మన గోడ స్విచ్చిలు పనిచేసేది ఈ సూత్రంపైనే. కిందికి నొక్కితే దీపం వెలగడం కూడా బ్రిటిష్ అలవాటే. అమెరికాలో పైకి లేపితే వెలుగుతుంది.

హైదరాబాదులో 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ విద్యుత్ కేంద్రం ఏర్పడింది. అయితే సామాన్యుల ఇళ్లకు కరెంటు చేరడానికి దశాబ్దాలు పట్టింది. పాతబస్తీ ఇళ్లు చాలావరకు ఒకేసారి కట్టినవి కావు. గది తరువాత గది, అంతస్తు తరువాత అంతస్తుగా పెరిగినవి. అందువల్ల చెక్కపట్టీల మీద బిగించిన పాత వైర్లు, గోడలోని పైపుల్లో సాగే కొత్త వైర్లు ఒకే ఇంట్లో కనిపించవచ్చు.

తొలినాటి పద్ధతిలో రెండు తీగలకూ ఫ్యూజులు పెట్టేవారు. న్యూట్రల్ వైపు ఫ్యూజు పోతే దీపాలు ఆరిపోతాయి గాని, ఫేజు తీగలో కరెంటు అలాగే ఉంటుంది. స్విచ్చిని న్యూట్రల్ తీగకు కలిపినా ఇదే ప్రమాదం: దీపం ఆరినా హోల్డరు షాకు కొడుతుంది. 1956 నాటి భారత విద్యుత్తు నియమావళిలోని 32వ నియమం న్యూట్రల్‌లో విడిగా స్విచ్చిగాని, ఫ్యూజుగాని ఉండరాదని నిర్దేశించింది.

చట్టం మారినంత మాత్రాన గోడలోని తీగలు మారవు. పాత ఫిలమెంటు బల్బు ఈ లోపాన్ని బయటపెట్టలేదు. తీగల మధ్య సహజంగా సాగే స్వల్ప ప్రవాహంతో అది వెలగదు. ఎల్‌ఇడి దీపానికి మాత్రం అంత కొద్దిపాటి ప్రవాహమే చాలు. స్విచ్చి ఆపిన తరువాత కూడా అది మసకగా వెలిగితే, న్యూట్రల్‌కు స్విచ్చి ఉండటం ఒక కారణం కావచ్చు. స్విచ్చిలోని చిన్న సూచిక దీపం, మెట్ల దగ్గరి టూ-వే స్విచ్చిల పొడవాటి జంట తీగలు కూడా కారణం కావచ్చు. నిజమేదో ఎలక్ట్రీషియన్ పరీక్షించి తేల్చాలి.

కాబట్టి చట్టం తేదీ ఒక్కటే సాంకేతిక చరిత్ర కాదు. ఆచరణ దానికి వెనుకబడి నడుస్తుంది. ఆ వెనుకబాటు ఒక్కోసారి ప్రాణాంతకం. దీపం మార్చేటప్పుడు గోడ స్విచ్చిని నమ్మక మెయిన్ ఆపాలనే జాగ్రత్త ఈ చరిత్ర నుంచి వచ్చినదే.