తరం లెక్క, గరిసె లెక్క

మా పొలం డైగ్లాట్ నకలు తిరగేస్తుంటే ఓ గడిలో జంట అంకె కనిపించింది, మధ్యన చిన్న గీత. ఇంగ్లీషూ తెలుగూ పక్కపక్కనే ఉండే రిజిస్టరు కాబట్టి దానికి డైగ్లాట్ అని పేరు. రెవెన్యూలో పనిచేసి రిటైరైన మా బాబాయి విప్పి చెప్పాడు: "మొదటిది నేల జాతిరా. రెండోది ఆ జాతిలో మేలూ నాసీ." శిస్తు కోసం వేసిన ఆ అంకె, మట్టి ఎంత కర్బనం దాచుకోగలదో కూడా ఇంచుమించుగా చెప్పేస్తుందని తరవాత తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

మద్రాసు సర్కారు 1858లో సెటిల్‌మెంటు శాఖ పెట్టింది. 1860ల్లో గోదావరి జిల్లా వంతు వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలవల కింద వరి పరుచుకుంటోంది. ఏ చెక్కకు ఎంత శిస్తో తేలాలి. రేగడ, ఎర్ర, ఇసుక అంటూ నేలల్ని జాతులుగా విడగొట్టారు. ఒక్కో జాతిని మళ్లీ బంక, గరప, ఇసుక పాళ్లను బట్టి చీల్చి, అందులో మేలూ నాసీ ఎంచి, చివరికి తరం కట్టారు. ఇక్కడ తరమంటే తాతలూ మనవలూ కాదు, శిస్తు మెట్టు. ఒండ్రు మేటలను మామూలు జాతుల్లో కలపకుండా 'ప్రత్యేకం' అని వేరే పెట్టారు. వాళ్ల దగ్గర ప్రయోగశాల లేదు. కంటిచూపు, తడిమట్టిని నలిపే బొటనవేలు, అంతే. దొరల లెక్కంటే నాకు పెద్ద ప్రేమేమీ లేదు గానీ, సర్వే నంబరు వారీగా మట్టిని తడిమి చూసిన ఆ ఓపికకు మాత్రం దణ్ణం పెట్టాలి.

ఆ తరవాత డెబ్బై ఏళ్లు ఒక్క అంగలో దాటేస్తాను.

1934లో వాక్లీ, బ్లాక్ అనే ఇద్దరు ఓ పద్ధతి ప్రకటించారు. నారింజ రంగు డైక్రోమేటు ద్రావణంలో మట్టి వేసి గంధకామ్లం పోస్తే, కర్బనం ఉన్నకొద్దీ ఆకుపచ్చకు తిరుగుతుంది. దీనికి చిక్కేది నూటికి 77 పాళ్లేనని, ఫలితాన్ని 1.3తో హెచ్చవేయమన్నారు. మన భూసార పరీక్షలు నేటికీ ఎక్కువగా ఈ దారిలోనే నడుస్తున్నాయి. కర్బనం 0.5 శాతానికి లోపుంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ.

1997లో హాసింక్ అనే శాస్త్రవేత్త అసలు ముడి విప్పాడు. కర్బనాన్ని పట్టి ఉంచేది సన్నని రేణువులు. 20 మైక్రాన్ల లోపువి నూటికి 60 ఉంటే, ఆయన సూత్రం ప్రకారం కిలో మట్టి దాదాపు 26 గ్రాములు పట్టుకోగలదు. 'ఎక్కువ' అని మురిసిపోయే 0.75 శాతం అంటే కిలోకు ఏడున్నర గ్రాములు! బంక, ఇసుక పాళ్లు చూసిన డైగ్లాట్ కొలిచింది గరిసెను, భూసార కార్డు కొలిచేది అందులోని ధాన్యాన్ని. రెండింటికీ తేడా తీస్తే ఇంకా ఎంత నిల్వకు చోటుందో చూపే పటం. ఆ సూత్రం మన రేగడకు అచ్చుగుద్దినట్టు సరిపోతుందనను, కానీ గరిసె వెలితిగా ఉందన్నది మాత్రం ఖాయం.

2017లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్.ఏ.ఓ.) ప్రపంచ మట్టి కర్బన పటం విడుదల చేసింది. ఒక్కో గడి పొడవూ వెడల్పూ కిలోమీటరు, అంటే దాదాపు 247 ఎకరాలు. కోనసీమలో అంత గడిలో వరిచేలు, కొబ్బరితోట, రొయ్యల చెరువు, ఓ ఊరు, దాని శ్మశానం కూడా ఇమిడిపోతాయి. ఈ విషయంలో బొటనవేలే నయం.

వెలితి ఎలా వచ్చిందంటారా? సార్వా కోతకు ముందే చేలో పిల్లిపెసర చల్లేవాళ్లు. కోత అయ్యాక అదే పశువులకు మేత, నేలకు బలం. రెండో పంటగా దాళ్వా వరి వచ్చి దాని చోటు లాక్కుంది. గొర్రెల మంద కట్టించడం తగ్గింది. పశువులు పోయాక పెంటపోగూ పోయింది. కోత మిషను వెనక గడ్డికి నిప్పు పెట్టడం వచ్చింది. పైన ఆనకట్టలు లేచాక గోదావరి మోసే ఒండ్రు డెబ్బైల నుంచి తొంభైలకు దాదాపు మూడోవంతుకు పడిపోయింది. ఎర్రనీళ్లతో పొలానికి ఉచితంగా వచ్చిన సన్నమట్టి మీద మాత్రం ఏ సర్కారూ విడిగా శిస్తు వేసినట్టు లేదు, అందుకేనేమో పోయినా ఎవరూ అడగలేదు. నీళ్లు నిలిచిన వరిచేలో కుళ్లడం నెమ్మదించి కర్బనం కొంత మిగులుతుంది, నిజమే. ఆ నీళ్లలోంచే మీథేనూ పుడుతుంది.

మొన్న వేసవిలో మట్టి నమూనా తీద్దామని పక్క చేలోకి దిగాం. 'వి' ఆకారంలో జానెడు లోతు గుంట తవ్వి, అంచు నుంచి పెచ్చు తీసి సంచిలో వేశాను. బాబాయి సీసాలో నీళ్లు రెండు చుక్కలు పోసి చిటికెడు మట్టి నలిపాడు. కాసేపు కళ్లు మూసుకుని జంట అంకె చెప్పాడు. ఇంటికెళ్లి ఆ సర్వే నంబరు డైగ్లాట్‌లో చూశాం. మొదటి అంకె సరిపోయింది. రెండోదాంట్లో ఒకటి తేడా.

"అప్పట్లో ఇది మేలు నేలేరా," అన్నాడు, వేళ్లు పంచెకు తుడుచుకుంటూ.