అవభాసిని, వల్కలం, దవ్వ: తలనీలాల నుంచి కృష్ణానగర్ విగ్గు దాకా

వ్యాససంగ్రహం:
మానవ కేశం మూడు పొరల నిర్మాణం. తెలుగునాట కేశవాణిజ్యం, రంగస్థల, చలనచిత్ర కేశాలంకరణ ఈ పొరల స్వభావంపై ఆధారపడి ఎలా రూపుదిద్దుకొన్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విపణి వెలకట్టినది కేశపు వెలుపలి పొరకే. ఆ కేశం ఎవరిదో, ఎందుకు అర్పించారో తెలిపే ఆధారం పొరల్లో కాక మనుషులు రాసి ఉంచే లెక్కల్లో ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కేశనిర్మాణం, అవభాసిని, తలనీలాలు, సవరం, కృష్ణానగర్.

1. ప్రవేశిక:
హైదరాబాదులో యూసఫ్‌గూడ, జూబ్లీహిల్స్‌ల నడుమనున్న కృష్ణానగర్ తెలుగు చలనచిత్ర పరిశ్రమకు శ్రామికవాడ. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, మేకప్ సహాయకులు, దుస్తులు అద్దెకిచ్చేవారు ఈ పరిసరాలను ఆశ్రయించుకొని జీవిస్తున్నారు. విగ్గులు, జటలు, గడ్డాలు, మీసాలు వీరి వృత్తిసామగ్రిలో భాగం. నటులకు, దర్శకులకు, స్టూడియోలకు చలనచిత్ర చరిత్రలో దక్కిన స్థానం ఈ సామగ్రికి దక్కలేదు. ఆ చరిత్రను వెంట్రుక నిర్మాణం నుంచే మొదలుపెట్టవలసి ఉంటుంది.

2. పొరల పేర్లు:
1665లో రాబర్ట్ హుక్ వెలువరించిన 'మైక్రోగ్రాఫియా'లో పలురకాల వెంట్రుకల పరిశీలనకు ప్రత్యేక అధ్యాయం ఉంది. తరువాతి శతాబ్దాల సూక్ష్మదర్శిని పరిశోధనలు వెంట్రుకలో మూడు పొరలను స్థిరపరిచాయి. వెలుపల పెంకుల వరుసవలె ఒకదానిపై ఒకటి కప్పుకొన్న పలుచని కణాలు, వాటి లోపల కెరటిన్ పోగులతో, రంగునిచ్చే మెలనిన్‌తో నిండిన మందపాటి భాగం, నడిమధ్య మెత్తని సన్నని కాండం. సన్నని వెంట్రుకల్లో ఈ చివరిది తెగిపోతూ కనిపిస్తుంది, లేదా అసలే ఉండదు.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఉన్నతవిద్యను తెలుగులోకి తెచ్చే కృషిలో భాగంగా శాస్త్రగ్రంథాలను ప్రచురించింది. తెలుగు జీవశాస్త్ర పాఠ్యగ్రంథాల్లో మొక్కలకూ మూత్రపిండాలకూ వాడే అవభాసిని, వల్కలం, దవ్వ అనే పదాలు కేశానికీ సరిపోతాయి. 'అవభాసిని' సుశ్రుతసంహిత శారీరస్థానంలో చెప్పిన ఏడు చర్మపు పొరల్లో మొదటిది. వర్ణాలను ప్రకాశింపజేసేది అని దాని భావం. 'వల్కలం' చెట్టు బెరడు, మునుల నారచీర. 'దవ్వ' వంటింటి మాట. అరటిబోదె ఒలిచినకొద్దీ చివరకు మిగిలే తెల్లని లోపలి భాగం అది. ఆయుర్వేదం, పురాణం, వంటిల్లు ఒకే వెంట్రుకలో కలిశాయి.

3. రంగస్థలం నుంచి వెండితెరకు:
1885లో ఆరంభమైన సురభి నాటకసమాజాల వంటి బృందాలకు పౌరాణిక నాటకాలు ప్రాణం. జటలు, గడ్డాలు వాటి ఆహార్యంలో ముఖ్యాంశాలు. దూరం నుంచి చూసే ప్రేక్షకునికి జనపనార గడ్డమైనా ఋషిత్వాన్ని స్ఫురింపజేయగలదు. కెమెరా ఆ దూరాన్ని తొలగించింది. దీపకాంతి పడినప్పుడు వెంట్రుక మెరవడానికి కారణం అవభాసిని నునుపుదనం. నార వెలుతురును చెదరగొడుతుంది, చెక్కుచెదరని కేశం దానిని ప్రతిఫలింపజేస్తుంది. సమీపదృశ్యంలో ఈ భేదం దాగదు. కనుక నిజమైన కేశాలను వలగుడ్డపై ఒక్కొక్కటిగా ముడివేసే పనితనానికి విలువ పెరిగింది.

1977 నాటి 'దానవీరశూరకర్ణ'లో ఎన్.టి. రామారావు కృష్ణ, కర్ణ, దుర్యోధన పాత్రలు మూడింటినీ ధరించారు. ఒకే ముఖంలో మూడు వ్యక్తిత్వాలను చూపే బాధ్యతలో వాచికం, ఆంగికంతో పాటు కేశాలంకరణకూ భాగం ఉంది. అప్పటికే పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలడం మొదలైంది. 1976లో అన్నపూర్ణ స్టూడియో ఇక్కడ పని ప్రారంభించింది. స్టూడియోలతో పాటు ఈ హస్తకళ కూడా నగరానికి చేరింది.

4. తలనీలాలు, చిక్కు వెంట్రుకలు:
ఈ కళకు కావలసిన ముడిసరుకు తెలుగునాట రెండు మార్గాల్లో లభిస్తుంది. మొదటిది తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించే తలనీలాలు. దేవస్థానం వీటిని పొడవును బట్టి వేరుచేసి విక్రయిస్తుంది. 2011 నుంచి ఈ-వేలం పద్ధతి అమలులోకి వచ్చింది. రెండవది, దువ్వెనకు చిక్కిన వెంట్రుకలను వీధి వర్తకులు ఇంటింటా సేకరించడం. ఏలూరు వంటి పట్టణాల్లో కేశాలను శుద్ధిచేసి ఎగుమతిచేసే పరిశ్రమ స్థిరపడింది. 1960ల నడుమ అమెరికా చైనా కేశాల దిగుమతిని నిషేధించడంతో విగ్గుల వ్యాపారులు ఇతర ఆసియా దేశాల వైపు, భారతదేశం వైపు కూడా చూశారు.

ఈ రెండు సరుకుల ధరల్లోని అంతరానికి కారణం అవభాసిని. దాని పెంకులు మొదలు నుంచి కొసవైపు వాలి ఉంటాయి. ముండనంలో కుచ్చుగా కట్టి తీసిన పొడవాటి కేశాల్లో ఆ దిశ చెదరదు. వర్తకులు దీనినే 'రెమీ' అంటారు. దువ్వెన వెంట్రుకల్లో మొదళ్లు, కొసలు కలిసిపోయి పెంకులు ఒకదానితో ఒకటి పెనవేసుకొంటాయి. అందుచేత చౌకరకాల తయారీలో ఆమ్లంతో ఆ పొరను తొలగించి, సిలికాన్ పూతతో కృత్రిమమైన మెరుపు కల్పిస్తారు. కొన్ని ఉతుకులకే ఆ పూత పోతుంది.

5. 2004 వివాదం:
వివాహిత యూదు స్త్రీలలో కొందరు శిరోజాలను కప్పుకొనేందుకు విగ్గు ధరిస్తారు. 2004లో జెరూసలేం మతాచార్యుడు యోసెఫ్ షాలోం ఎల్యాషివ్ భారతీయ ఆలయాల కేశాలతో చేసిన విగ్గులు ధరించరాదని తీర్పునిచ్చాడు. జెరూసలేంలోను, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లోను స్త్రీలు విగ్గులను బహిరంగంగా దహనం చేశారు. ముండనం ఆరాధనలో అర్పణమా, ఆరాధనకు ముందరి శుద్ధియా అన్నది చర్చలో కీలకాంశమైంది. తెలుగు భక్తుల మొక్కు ఉద్దేశం ఖండాంతరాల్లో ధర్మశాస్త్ర ప్రశ్నగా మారింది.

సూక్ష్మదర్శిని ఈ ప్రశ్నకు సమాధానం చెప్పలేదు. దవ్వ వ్యాసానికీ వెంట్రుక వ్యాసానికీ గల నిష్పత్తి మానవకేశంలో సాధారణంగా మూడింట ఒక వంతుకన్నా తక్కువ కనుక, అది మనిషిదా, జంతువుదా అని నిర్ణయించవచ్చు. వ్యక్తిని గుర్తించడానికి తోడ్పడే కేంద్రక డీఎన్ఏ ప్రధానంగా కుదురులో ఉంటుంది. మంగలికత్తి కుదురును తలలోనే వదిలివేస్తుంది. తెగిన కేశంలో ప్రధానంగా మిగిలేది తల్లి వంశాన్ని మాత్రమే సూచించే మైటోకాండ్రియా డీఎన్ఏ. మొక్కుబడికి ఏ పొరలోనూ గుర్తు లేదు. అందువల్ల కేశపు పుట్టుకకు వర్తకుని మాట, చిట్టా మాత్రమే ఆధారాలు.

6. ముగింపు:
కేశం చేతులు మారిన ప్రతిసారీ వెలుపలి పొర నిలిచింది, వ్యక్తి చెరిగిపోయాడు. కల్యాణకట్టలో తల వంచిన స్త్రీ పేరు వేలంలో ఉండదు. చిత్ర శీర్షికల్లో మేకప్ నిపుణుల పేర్లు కనిపిస్తాయి కాని, విగ్గు ముడివేసిన చేతుల ప్రస్తావన అరుదు. వస్తువు తనలో నిలుపుకోని సమాచారాన్ని లిఖితపత్రమో, మౌఖికకథనమో భద్రపరచాలి. కృష్ణానగర్‌లోని అద్దె పుస్తకాలు, రసీదులు, పాత తరం పనివారి కథనాలు చలనచిత్ర చరిత్రకు ప్రాథమిక ఆకరాలు. పోతే మళ్లీ దొరకని ఆ ఆకరాలను సేకరించడం విశ్వవిద్యాలయ చరిత్ర, చలనచిత్ర అధ్యయన శాఖలు వెంటనే చేపట్టవలసిన పని.