కోనసీమ పండుగ ప్రయాణం

సంక్రాంతికి పుట్టింటికీ అత్తవారింటికీ సాగే ప్రయాణం కోనసీమలో చాలాకాలం నీటి మీదుగానే నడిచింది. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి తీసిన కాలువలు పొలాలకు నీరందించడంతో పాటు పడవల రాకపోకలకూ ఉపయోగపడ్డాయి. రేవు నుంచి ఊళ్లోకి గూడుబండి, అంటే వెదురు తడికలతో పైకప్పు వంచి కట్టిన ఎద్దుబండి, లోపల మెత్తగా పరిచిన ఎండుగడ్డిపై పిల్లలనూ పెద్దలనూ చేరవేసేది.

ఇంటికి చేరిన బంధువులంతా కనుమనాడు ఆరుబయటికి కదలడం ఈ సీమ ప్రత్యేకత. కనుమనాడు కాకి కూడా కదలదని సామెత ఉన్నా, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అది వర్తించదు. ప్రభ అంటే వెదురు బద్దలను కమానులా వంచి, రంగు వస్త్రాలు చుట్టి, నడుమ ఈశ్వరుని ప్రతిమను నిలిపి భుజాలపై మోసే ఎత్తైన చట్రం. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు ఆ కొబ్బరితోటకు చేరతాయి. వాటిలో గంగలకుర్రు ప్రభలు నిండుగా పారే కౌశిక నదిలోకి దిగి, మోసేవారు గొంతులోతు నీటిలో నడుస్తున్నా ఒరగకుండా ఒడ్డెక్కే దృశ్యం తెలుగునేలపై అపురూపమైనది.

2002లో యానాం–ఎదుర్లంక వంతెన ప్రారంభమయ్యాక కాకినాడ వైపు నుంచి వచ్చే కార్లకు అక్కడ రేవు దాటే పని తప్పింది. ప్రభలు మాత్రం నేటికీ భుజాల మీదే, పచ్చని చేల నడుమ నుంచే వెళ్తున్నాయి. తొక్కిన పైరుకు రైతులు నష్టం లెక్కకట్టరు.