రోప్ మదర్

1960ల్లో అమెరికాలోని ఎం.ఐ.టి. ఇన్‌స్ట్రుమెంటేషన్ లాబొరేటరీలో ‘రోప్ మదర్’ అనే హోదా ఒకటుండేది. తాడుకి తల్లి! అపోలో నౌకలోని కంప్యూటర్ కోసం రాసిన ప్రోగ్రాముని మొదట్నించీ చివరిదాకా కనిపెట్టుకుని ఉండే మనిషికి ఆ పేరు. ఆడైనా మగైనా ‘తల్లే’. చాలావరకు మగవాళ్ళే ఉండేవాళ్ళు. సాహిత్యం చదువుకున్నదాన్ని కదా, నాకు ముందు ఆ మాటే తగిలింది.

ఇంతకీ తాడేమిటి? ఆ కంప్యూటర్‌లోని శాశ్వత మెమరీ నిజంగానే నేసిన వస్తువు. చిన్న చిన్న అయస్కాంత వలయాల్లోంచి తీగ దూరిస్తే 1, పక్కనుంచి పోనిస్తే 0. కంప్యూటర్ లెక్కలో 36,864 ‘పదాలు’. వాల్తామ్‌లోని రేథియాన్ ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని, సూదిని అటూ ఇటూ అందించుకుంటూ దీన్ని నేశారు. బట్టల మిల్లుల్లో, గడియారాల కంపెనీలో చెయ్యి తిరిగినవాళ్ళు. ఇంజనీర్లు దీనికి పెట్టిన ముద్దుపేరు ‘ముసలమ్మల మెమరీ’. బాధ్యతకైతే తల్లి పేరు, చేతిపనికైతే ముసలమ్మ పేరు!

నేతకి వారాలు పట్టేది. నేశాక దిద్దడం మహా కష్టం. అందుకని తప్పులన్నీ ముందే దొరకాలి. రాసిన కోడ్‌ని కార్డుల మీద చిల్లులుగా మార్చి, అపోలో కంప్యూటర్‌ని అనుకరించే పెద్ద యంత్రం మీద నడిపి, అచ్చయి వచ్చిన కాగితాల కట్టలు తిరగేసేవాళ్ళు. ఆ తర్వాత నమూనా కాక్‌పిట్‌లో పరీక్ష. అన్నిట్లోకీ చిక్కు ‘ఎగ్జిక్యూటివ్’తో. హాల్ లానింగ్ రూపొందించిన ఈ భాగం, ఇవాళ కెర్నెల్ అంటున్నదాని పని చేసేది: ఏ పని ముందు జరగాలి, ఏది ఆగాలి అన్నది దాని నిర్ణయం. విడివిడిగా చూస్తే ప్రతి పనీ సవ్యంగానే ఉంటుంది. అన్నీ ఒక్కసారే ఎగబడ్డప్పుడు బయటపడుతుంది తప్పు.

ఆ ప్రోగ్రాముల బృందంలో పనిచేసి, తర్వాత దానికి నాయకత్వం వహించిన మార్గరెట్ హామిల్టన్, రాత్రుళ్ళూ సెలవురోజుల్లోనూ చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని లాబ్‌కి వచ్చేది. పిల్లని వదిలి ఎలా వస్తావని ఆమెనే అడిగారు. మగ సహోద్యోగుల్ని ఎవరైనా అడిగి ఉంటారా?

ఒకరోజు ఆ పిల్ల అమ్మలాగే వ్యోమగామి ఆట ఆడుతూ నమూనా కాక్‌పిట్‌లో మీటలు నొక్కింది. నౌక ‘ప్రయాణం’లో ఉండగా పి-01 ఎంచింది. అది బయల్దేరకముందు వాడాల్సిన ప్రోగ్రాము. అంతే, వ్యవస్థ కూలిపోయింది. ఏ పరీక్షా పట్టివ్వని లోపం అది. దీనికి అడ్డుకట్ట వేసే కోడ్ చేరుస్తానంది హామిల్టన్. వద్దన్నారు పైవాళ్ళు. శిక్షణ పొందిన వ్యోమగాములు అలాంటి తప్పు చెయ్యరట! చివరికి, ప్రయాణంలో పి-01 ఎంచొద్దని కాగితం మీద ఒక హెచ్చరిక మాత్రం మిగిలింది.

1968 డిసెంబరులో అపోలో 8 చంద్రుణ్ణి చుట్టి తిరిగొస్తుండగా జిమ్ లోవెల్ సరిగ్గా అదే చేశాడు. నౌక ఎటు తిరిగి ఉందో కంప్యూటర్‌కి తెలియకుండా పోయింది. రైజెల్, సిరియస్ నక్షత్రాల్ని చూసుకుంటూ లోవెల్ ఆ లెక్కలన్నీ మళ్ళీ సరిచెయ్యాల్సొచ్చింది.

ఆ తర్వాత హామిల్టన్ అడిగిన కోడ్ చేర్చడానికి ఒప్పుకున్నారు.