ర్యాంపు ఎక్కి సముద్రం దాటిన కార్లు

ఓడల మీద కార్లు విదేశాలకు వెళ్లడం మొదలైన తొలి దశాబ్దాల్లో కారుకు ప్రత్యేకమైన మర్యాదేమీ ఉండేది కాదు. అదీ ఒక సరుకే. చెక్కపెట్టెలో బిగించి గానీ, చక్రాల కింద పట్టీలు వేసి క్రేనుతో ఎత్తి గానీ ఓడ అడుగు గదిలోకి దించేవారు. పక్కనే బస్తాలు, యంత్రాలు, దుంగలు ఉండేవి. ఎత్తేటప్పుడు ఊగి తలుపు సొట్టపడడం, గాజు పగలడం మామూలే. ఒక్కో కారుకు పట్టే సమయం వల్ల ఓడ రేవులోనే రోజుల తరబడి నిలిచిపోయేది. అందుకే పెద్ద కంపెనీలు పూర్తి కారును కాక విడిభాగాలను పెట్టెల్లో పంపి, చేరిన చోట బిగించే పద్ధతికి మొగ్గు చూపాయి. ఫోర్డ్ కంపెనీ 1911లో మాంచెస్టర్ దగ్గర ట్రాఫర్డ్ పార్క్‌లో ఇలాంటి కర్మాగారమే పెట్టింది. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలోని శివడీలో కార్లు బిగించడం మొదలుపెట్టింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లెక్క మారింది. 1949 జనవరిలో బెన్ పాన్ అనే డచ్ వ్యాపారి రెండు ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కార్లను ‘వెస్టర్‌డామ్’ ఓడలో న్యూయార్క్ తీసుకెళ్లాడు. కొనేవారు పెద్దగా దొరకలేదు. కానీ పదిహేనేళ్లు తిరిగేసరికి అదే కారు అమెరికా రోడ్ల మీద ఎక్కడ చూసినా కనిపించింది. అమెరికా ఎగుమతుల కోసమే ఫోక్స్‌వ్యాగన్ 1964లో ఎమ్డెన్ రేవు పట్టణంలో ఏకంగా కర్మాగారం తెరిచింది.

ఎగుమతులు పెరిగిన కొద్దీ ఒక చిక్కు బయటపడింది. కారు బరువు తక్కువ, అది ఆక్రమించే చోటు ఎక్కువ. వేల టన్నులు మోయగల ఓడ కార్లతో నిండిపోయినా బరువులో సగానికి సగం ఖాళీగానే ఉంటుంది. పైగా అవతలి తీరం నుంచి తిరుగు ప్రయాణంలో తెచ్చుకోవడానికి కార్లు ఉండవు. ఖాళీ ఓడను సముద్రం దాటించడమంటే ఇంధనం, సిబ్బంది జీతాలు, రేవు రుసుములు అన్నీ నీళ్లపాలైనట్టే. దీనికి ఓడల యజమానులు కనిపెట్టిన ఉపాయం తెలివైనది. ధాన్యం, బొగ్గు మోసే ఓడల లోపల వేలాడే అంతస్తులు అమర్చారు. వెళ్లేటప్పుడు వాటి మీద కార్లు. దించాక ఆ అంతస్తులను పైకి మడిచేస్తే లోపల విశాలమైన గది. తిరుగు ప్రయాణంలో అందులో గోధుమలో బొగ్గో వచ్చేది.

జపాన్ కూడా ఈ దారిలోనే నడిచింది. 1965లో మిత్సుయి ఓఎస్‌కే సంస్థ నిస్సాన్ కార్ల కోసం ‘ఒప్పామా మారు’ను దింపింది. అందులో 1,200 కార్లు పట్టేవి. కావాసాకి కిసెన్ సంస్థ 1968లో టొయోటా కోసం ఇలాంటి ఓడనే నడిపింది. అయితే గోధుమలు మోసిన గదిని తుడిచి కొత్త కార్లు ఎక్కించడం, క్రేన్ల కోసం ఎదురుచూడడం జపాన్ ఎగుమతుల వేగానికి సరిపోలేదు. 1970లో కావాసాకి కిసెన్ సంస్థే ‘టొయోటా మారు నెం. 10’ను తెచ్చింది. సుమారు 2,000 కార్లు పట్టే ఆ ఓడ కార్లకు తప్ప మరి దేనికీ పనికిరాదు. తిరుగు ప్రయాణం ఖాళీ అయినా సరే, ఎక్కించడంలో, దించడంలో మిగిలే రోజులే ఆ నష్టాన్ని పూడ్చాయి. కార్ల రవాణా చరిత్రలో అసలైన మలుపు ఇదే. 1981లో అమెరికాకు పంపే కార్లను ఏడాదికి 16.8 లక్షలకు పరిమితం చేసుకోవడానికి జపాన్ ఒప్పుకోవాల్సి వచ్చిందంటే, ఈ ఓడలు ఎంత పని చేశాయో అర్థమవుతుంది.

క్రేను స్థానంలో వచ్చింది ర్యాంపు. కృష్ణా, గోదావరి రేవుల్లో లారీ, ట్రాక్టరు తమంతట తాము బల్లకట్టు ఎక్కి అవతలి ఒడ్డున దిగినట్టే, ఇక్కడా కారు తన చక్రాల మీదే ఓడలోకి వెళ్తుంది. ఓడ వెనుక భాగంలోని ఇనుప ర్యాంపు రేవు గట్టు మీదకి వాలుతుంది. ఇలా ఎక్కి దిగే పద్ధతినే రోరో అంటారు. లోపల పదికి పైగా అంతస్తులు ఉంటాయి. వాటిలో కొన్నింటిని పైకీ కిందికీ జరపవచ్చు. లారీలు, బుల్డోజర్లు ఎక్కాలంటే ఎత్తు పెంచుతారు, కార్లకైతే తగ్గిస్తారు.

ఎక్కించే పనిని దగ్గర నుంచి చూస్తే దాని నేర్పు తెలుస్తుంది. డ్రైవర్ల ముఠా వరుసగా కార్లు లోపలికి నడిపి, ఓ వ్యానులో బయటికొచ్చి మళ్లీ కొత్త వరుస అందుకుంటుంది. పక్క కారుకూ దీనికీ మధ్య బెత్తెడు సందు, ముందు వెనకల సుమారు అడుగు దూరం. అద్దాలు మడిచి ఉంటాయి. గీత పడకుండా డ్రైవర్లు బయటికి కనిపించే గుండీలు, ఉంగరాలు లేకుండా వస్తారు. ఇంధనం ట్యాంకులో కొద్దిగానే ఉంచుతారు. కారు ఆగిన వెంటనే మరో ముఠా పట్టీలతో దాన్ని డెక్‌లోని రంధ్రాలకు బిగిస్తుంది. కొలమానం కూడా ఒక కారే. 1966 నాటి టొయోటా కరోనా మోడల్, పొడవు 4.125 మీటర్లు, వెడల్పు 1.55 మీటర్లు. ఓడలో అలాంటివి ఎన్ని పడతాయన్నదే నేటికీ దాని సామర్థ్యం. ఇప్పటి కార్లు అంతకంటే పెద్దవి కాబట్టి కాగితం మీది అంకె కంటే నిజంగా ఎక్కేవి తక్కువే.

మన దేశం నుంచి చెప్పుకోదగ్గ తొలి ఎగుమతి 1987లో మారుతి హంగరీకి పంపిన 500 కార్లు. తర్వాత చెన్నై, ఎన్నూరు, ముంద్రా, పిపావావ్ రేవులు కార్ల రేవులుగా ఎదిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో పెనుకొండ దగ్గర 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కర్మాగారం కార్లు కూడా విదేశాలకు వెళ్తున్నాయి.

రోరో ఓడలకు వేగాన్ని ఇచ్చిన నిర్మాణమే ప్రమాదాన్నీ తెచ్చింది. కార్లు ఓ చివరి నుంచి మరో చివరికి నడవాలంటే అంతస్తుల్లో అడ్డుగోడలు ఉండకూడదు. నీరు చొరబడినా, మంట లేచినా ఆపడం కష్టం. పైగా ఎత్తైన ఓడ కావడంతో అడుగున నింపే నీటి బరువులో లెక్క తప్పితే ఒరిగిపోతుంది. 2006 జులైలో ‘కూగర్ ఏస్’ అలాస్కా సమీపంలో ఆ నీరు మార్చుకుంటూ దాదాపు 60 డిగ్రీలు ఒరిగింది. లోపలి 4,703 మజ్దా కార్లలో అత్యధికం పట్టీలకు వేలాడుతూ కదలకుండా నిలిచాయి. అయినా కంపెనీ వాటిలో ఒక్కటీ అమ్మకుండా అన్నింటినీ ధ్వంసం చేసింది. 2019 సెప్టెంబరులో ‘గోల్డెన్ రే’ అమెరికాలోని జార్జియా తీరంలో 4,000కు పైగా వాహనాలతో పడిపోయింది. లోపల చిక్కుకున్న నలుగురు ఇంజినీర్లను ఓడ గోడ కోసి మర్నాడు కాపాడారు. నీటి లెక్కల్లో దొర్లిన తప్పే కారణమని దర్యాప్తు తేల్చింది.

తర్వాతి ముప్పు నిప్పు. 2022లో ‘ఫెలిసిటీ ఏస్’ సుమారు 4,000 కార్లతో అజోర్స్ దీవుల వద్ద తగలబడి మునిగింది. 2023 జులైలో నెదర్లాండ్స్ తీరంలో ‘ఫ్రీమాంటిల్ హైవే’ మండింది. అందులోని 3,784 కార్లలో 498 విద్యుత్ కార్లు. ఆ ప్రమాదంలో చనిపోయిన నావికుడు భారతీయుడు. 2025 జూన్‌లో ‘మార్నింగ్ మిడాస్’ మెక్సికో వెళ్తూ మంటల్లో చిక్కుకుని మునిగిపోయింది.

ఇదే కాలంలో గిరాకీ విపరీతంగా పెరిగింది. 2023లో చైనా 49 లక్షల వాహనాలు ఎగుమతి చేసి జపాన్‌ను దాటింది. 6,500 కార్లు పట్టే ఓడ రోజు కిరాయి లక్ష డాలర్లు మించింది. చైనా కార్ల కంపెనీ బీవైడీ 2024 జనవరిలో 7,000 కార్ల సామర్థ్యమున్న ఓడను తన ఎగుమతుల కోసం దింపింది. 2025లో దాని ‘షెంజెన్’ ఓడతో ఆ సామర్థ్యం 9,200కు చేరింది. ఓడలు ఇంత పెద్దవవుతున్నా వాటిని నడిపేది మాత్రం ఇరవై మందికి అటూ ఇటూ ఉండే సిబ్బందే. బెత్తెడు సందుల మధ్య మండుతున్న కారు దగ్గరికి మనిషి చేరడం అసాధ్యం. మంటను ముందే పసిగట్టే, ఆ అంతస్తులోనే ఆర్పే ఏర్పాటు లేకుండా కార్ల సంఖ్య పెంచుకుంటూ పోవడం ఆ నావికుల ప్రాణాలతో చేసే వ్యాపారమే అవుతుంది.